పసికందు రక్తపరీక్షలో ఆ నిష్పత్తి ఏమి చెబుతుంది?



ఈ నెల ఆరోగ్య శీర్షికకు ఒక అమ్మమ్మగారు రాసిన ఉత్తరం వచ్చింది. పసిబిడ్డలున్న ప్రతి ఇంటికీ ఉపయోగపడే ప్రశ్న గనుక ఈసారి పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాము. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

"మా అమ్మాయికి నెలలు నిండి మగబిడ్డ పుట్టాడు. రెండు రోజులు పాలు బాగానే తాగాడు. మూడో రోజు పొద్దున్నుంచీ రొమ్ము పట్టలేదు. కదలకుండా పడి ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకువెళ్తే రక్తం తీసి, వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సాయంత్రం వచ్చిన కాగితంలో ఐ.టి. రేషియో 0.28 అని ఉంది. అది చూసి డాక్టరుగారు ఇన్ఫెక్షన్ ఉన్నట్టే ఉందన్నారు. మూడు రోజుల తర్వాత కల్చర్ రిపోర్టులో క్రిములేమీ లేవని వచ్చింది. అయినా ఏడు రోజులు మందులు ఇచ్చారు. బిడ్డ ఇప్పుడు బాగున్నాడు. కాని మా చుట్టాలు, క్రిములే లేనప్పుడు పసిగుడ్డుకు అన్ని సూదులు ఎందుకు పొడిపించారని నన్ను తప్పుపడుతున్నారు. ఆ 0.28 అంటే ఏమిటి? దాన్ని నమ్మవచ్చా?"

అమ్మమ్మగారూ, ముందు మీ మనసు నెమ్మదించే మాట చెబుతాము. కల్చర్‌లో క్రిములు కనబడనంత మాత్రాన బిడ్డకు జబ్బు లేదని కాదు. బిడ్డ పాలు మానేయడం ఒక సాక్ష్యం. రక్తంలోని ఆ నిష్పత్తి రెండో సాక్ష్యం. రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు మూడో సాక్షి వచ్చేదాకా వైద్యం ఆపి కూర్చోవడం ప్రమాదం. అయితే ఆ నిష్పత్తి ఒక్కదానినే చూసి జబ్బు ఉందని తేల్చకూడదు. అది బాగుంది గదా అని బిడ్డ లక్షణాలను పక్కన పెట్టనూ కూడదు. ఎందుకో వివరంగా చూద్దాము.

పసికందులో జబ్బు దాగి ఉంటుంది

పెద్దవాళ్ళకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం కాస్తుంది, చలి పుడుతుంది, ఫలానా చోట నొప్పి అని చెప్పుకుంటారు. పురిటి బిడ్డ చెప్పలేడు. అంతేకాదు, చాలామంది పసికందులకు జ్వరం కూడా రాదు. దానికి మారుగా ఒళ్ళు చల్లబడుతుంది. పాలు తాగడం తగ్గుతుంది. ఏడుపు సన్నగిల్లుతుంది. చలిగాలికీ, రక్తంలో చక్కెర తగ్గినా, కాన్పు కష్టమైనా ఇవే లక్షణాలు కనబడవచ్చు. అందువల్ల చూసిన వెంటనే ఇది ఇన్ఫెక్షనే అని చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే.

ఆలస్యం చేయడానికీ వీలులేదు. నెత్తురులోకి క్రిములు ప్రవేశించి ఒళ్ళంతా పాకడాన్ని సెప్సిస్ అంటారు. పసికందులో అది రోజులలో కాదు, గంటలలో ముదురుతుంది. 2020 నాటి ఎస్.ఆర్.ఎస్. లెక్కల ప్రకారం మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో 20 మంది నెల నిండకుండానే చనిపోయారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇన్ఫెక్షన్లు, ఈ మూడే అందులో ముఖ్యమైన కారణాలు.

ఇన్ఫెక్షన్‌ను రుజువు చేసే పరీక్ష బ్లడ్ కల్చర్. బిడ్డ రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో వేసి వెచ్చగా ఉంచుతారు. క్రిములుంటే అవి పెరిగి బయటపడతాయి. ఏ మందుకు లొంగుతాయో కూడా తెలుస్తుంది. కాని దీనికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా డాక్టరు చేతికి త్వరగా అందే ఆధారం ఏదైనా కావాలి. ఆ అవసరం కొద్దీ వాడుకలోకి వచ్చినదే మీ కాగితంలోని నిష్పత్తి.

తెల్లకణాలలో లేతవి, ముదురువి

రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు ఉంటాయని పిల్లలు బడిలో చదువుకుంటారు. తెల్లకణాలు మన ఒంటికి కాపలాదారులు. వాటిలో చాలా రకాలున్నాయి. క్రిముల మీదకు ముందుగా పరుగెత్తే రకం పేరు న్యూట్రోఫిల్. ఇవి ఎముకల లోపలి మూలుగలో తయారై, అక్కడే ముదిరి, అప్పుడు రక్తంలోకి వస్తాయి.

సూక్ష్మదర్శినిలో చూస్తే వీటి వయసు తెలుస్తుంది. ముదిరిన కణం లోపలి కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడివడి, సన్నని దారంతో కలిపినట్టు ఉంటుంది. లేత కణం కేంద్రకం ఇంకా విడివడకుండా గుర్రపు లాడంలాగ వంగి ఉంటుంది. ఈ లేత కణాలనే ల్యాబు వారు బ్యాండ్ కణాలు అంటారు.

పొలం పని చేసే మనకు ఇది తెలిసిన సంగతే. మబ్బు పట్టి, కోసిన పైరు తడిసిపోతుందన్నప్పుడు ముందు ఇంట్లోని పెద్దవాళ్ళు పొలానికి పరుగెత్తుతారు. చేతులు చాలకపోతే ఎదిగీ ఎదగని పిల్లలను కూడా కేకేస్తారు. వీధిలో పోయేవాడు పిల్లలు సైతం మోపులు మోయడం చూసి, ఈ ఇంట ఏదో తొందర వచ్చిపడిందని గ్రహిస్తాడు. రక్తంలో లేత కణాలు ఎక్కువగా కనబడటం కూడా అటువంటిదే. ముదిరిన కణాలు చాలక, మూలుగ తన లేత కణాలను బయటికి పంపుతోందన్నమాట.

ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీ వైద్యుడు యోసెఫ్ ఆర్నెత్ 1904లోనే న్యూట్రోఫిల్ కణాలను కేంద్రకం ఆకారాన్ని బట్టి వర్గాలుగా విడదీసి, ఇన్ఫెక్షన్ జబ్బులలో లేత కణాల వాటా పెరుగుతుందని రాశాడు. లేత కణాలను కాగితంలో ఎడమ పక్కన రాసేవారు. అందుకే ఇప్పటికీ డాక్టర్లు ఈ మార్పును లెఫ్ట్ షిఫ్ట్ అంటారు.

పసికందుకు ఇంకొక ఇబ్బంది ఉంది. పెద్దవాళ్ళ మూలుగ నిండు గాదె లాంటిది. పసికందు గాదెలో నిల్వ తక్కువ. పెద్ద ఇన్ఫెక్షన్ వస్తే త్వరగా ఖాళీ అవుతుంది. అందువల్ల పెద్దవాళ్ళలో ఇన్ఫెక్షన్ అంటే తెల్లకణాలు పెరగడమని తలుస్తాము గాని, పసిబిడ్డలో అవి బాగా తగ్గిపోవడమే ఎక్కువ భయపడవలసిన గుర్తు.

0.28 ఎలా వచ్చింది?

ఐ.టి. అనే రెండక్షరాలలో మొదటిది లేత కణాలకు, రెండవది మొత్తం న్యూట్రోఫిల్ కణాలకు గుర్తు. రక్తపు చుక్కను గాజు పలక మీద పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో నూరు తెల్లకణాలను లెక్కపెడతారు. ఒక ఉదాహరణ తీసుకుందాము. నూరింటిలో 50 న్యూట్రోఫిల్ కణాలనుకోండి. ఆ యాభైలో 36 ముదిరినవి, 14 లేతవి. పద్నాలుగును యాభైతో భాగిస్తే 0.28 వస్తుంది. అంటే ప్రతి నూరు న్యూట్రోఫిల్ కణాలలో 28 లేతవి అని అర్థం.

ఇది ఎక్కువా తక్కువా అని తెలియాలంటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డలలో ఎంత ఉంటుందో ముందు తెలియాలి. అమెరికాలోని డల్లాస్‌లో మన్రో అనే వైద్యుడు, ఆయన సహచరులు పసికందుల రక్తాన్ని గంటల వారీగా పరీక్షించి 1979లో లెక్కలు ప్రచురించారు. ఆరోగ్యవంతులైన బిడ్డలలో ఈ నిష్పత్తి మొదటి రోజు 0.16 దాటలేదు. తర్వాత రెండు మూడు రోజులకు 0.12కు దిగింది. కొంత సందు విడిచి, 0.2 దాటితే అనుమానించాలని చాలా ఆసుపత్రులు హద్దు పెట్టుకున్నాయి. మన దేశంలో కూడా ఈ హద్దునే వాడుతున్నారు. మీ మనవడి అంకె మూడో రోజున 0.28. అనుమానించవలసిన అంకే.

ఈ నిష్పత్తి 0.8 దాటిందంటే రక్తంలో ఉన్నవి దాదాపు అన్నీ లేత కణాలే. గాదె అడుగంటిందన్నమాట. అది చాలా ప్రమాదకరమైన స్థితి.

ఒక్క అంకె చాలదు

ఒక్క వేలితో ముద్ద కలపలేము. అలాగే ఒక్క అంకెతో జబ్బును తేల్చలేము. అందుకే మన దేశంలో పసిపిల్లల వైద్యులు ఐదు పరీక్షలను కలిపి చూస్తారు. దీనిని సెప్సిస్ స్క్రీన్ అంటారు. మీ కాగితంలో ఆ పేరు కనబడవచ్చు. ఆ ఐదు ఇవి:

ఒకటి, మొత్తం తెల్లకణాలు 5,000 కంటె తగ్గడం. రెండు, న్యూట్రోఫిల్ కణాల సంఖ్య బిడ్డ వయసుకు ఉండవలసిన దానికంటె తగ్గడం. మూడు, మనం చెప్పుకున్న నిష్పత్తి 0.2 దాటడం. నాలుగు, సి.ఆర్.పి. అనే ప్రొటీన్ పెరగడం. ఐదు, మైక్రో ఇ.ఎస్.ఆర్. పెరగడం.

ఈ ఐదో పరీక్ష ఎంతో సులువైనది. బిడ్డ మడమ దగ్గర సూదితో గుచ్చి వచ్చిన రక్తాన్ని సన్నని గాజు గొట్టంలోకి ఎక్కించి నిలువుగా ఉంచుతారు. గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. మొదటి రోజులలో బిడ్డ వయసు ఎన్ని రోజులో దానికి మూడు కలిపితే వచ్చే అంకె వరకు మామూలే. ఏ వయసులోనైనా 15 దాటితే అనుమానించాలి.

ఈ ఐదింటిలో రెండు గాని అంతకంటె ఎక్కువ గాని తేడాగా ఉంటే స్క్రీన్ పాజిటివ్ అంటారు.

ఇలా కలిపి చూసే పద్ధతిని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రాడ్‌వెల్, మరి ఇద్దరు 1988లో ఇంకొక విధంగా చేశారు. రక్తకణాలలో ఏడు మార్పులను ఎంచుకుని ఒక్కొక్కదానికి ఒక్కొక్క మార్కు వేశారు. లేత కణాలను మొత్తంతో పోల్చిన నిష్పత్తి, లేత కణాలను ముదిరిన వాటితో పోల్చిన నిష్పత్తి, ప్లేట్‌లెట్ కణాలు లక్షాయాభై వేలకు మించకపోవడం వంటివి అందులో ఉన్నాయి. రెండు మార్కులు గాని అంతకు తక్కువ గాని వచ్చిన బిడ్డలలో సెప్సిస్ లేకపోవడానికి నూటికి 99 పాళ్ళు అవకాశం ఉందని వారు కనుగొన్నారు. కాని మూడు అంతకు పైన వచ్చిన బిడ్డలందరికీ ఇన్ఫెక్షన్ లేదు.

ఈ పరీక్షల స్వభావమే ఇది. జబ్బు లేదని చెప్పేటప్పుడు వీటి మాటకు బలం ఎక్కువ. ఉందని చెప్పేటప్పుడు తక్కువ. ఇంటికి కాపలా ఉన్న కుక్క అరవకపోతే దొంగ రాలేదని దాదాపు నమ్మవచ్చు. అరిచిందంటే మాత్రం దొంగే వచ్చాడని కాదు, పొరుగింటి ఆయన వచ్చినా అరుస్తుంది. అయినా కుక్క అరిచినప్పుడు లేచి చూడటమే మంచిది.

ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుంది?

ఇన్ఫెక్షన్ లేకుండానే లేత కణాలు పెరిగే సందర్భాలున్నాయి. కాన్పు చాలాసేపు కష్టం కావడం, పుట్టగానే బిడ్డకు ఊపిరి అందకపోవడం, తల్లికి కాన్పు సమయంలో జ్వరం ఉండటం అటువంటివి. తల్లికి బి.పి. ఎక్కువగా ఉంటే బిడ్డలో న్యూట్రోఫిల్ కణాలు తగ్గి కనబడవచ్చు. అందుకే డాక్టరు రిపోర్టు చూస్తూ కాన్పు సంగతులు తిరిగి తిరిగి అడుగుతారు. విసుగుకోకుండా చెప్పండి.

రక్తం తీసిన వేళ కూడా ముఖ్యమే. బిడ్డ పుట్టిన తర్వాత కొన్ని గంటలపాటు న్యూట్రోఫిల్ కణాలు వాటంతటవే పెరిగి, ఆ పైన తగ్గుతాయి. పుట్టిన వెంటనే తీసిన రక్తంలో ఏమీ తెలియకపోవచ్చు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత తీసినది ఎక్కువ చెబుతుంది. సి.ఆర్.పి. కూడా జబ్బు మొదలైన వెంటనే పెరగదు. కాబట్టి మొదటి పరీక్ష బాగున్నా, అనుమానం తీరకపోతే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలలో మళ్ళీ రక్తం తీస్తారు. మొదటిది సరిగా చేయలేదని కాదు. రెండుసార్లూ బాగుంటేనే ధైర్యంగా మందులు ఆపవచ్చు.

ఇంకొక సంగతి. లేత కణం ఏది, ముదిరినది ఏది అన్నది చాలావరకు కంటి చూపు మీద ఆధారపడిన లెక్క. ఒకే పలకను ఇద్దరు చూస్తే అంకెలు కొంచెం తేడాగా రావచ్చు. రక్తకణాలను లెక్కించే యంత్రాలు లేత కణాలను కచ్చితంగా వేరు చేయలేవు. అందువల్ల 0.19 వస్తే సంబరపడటం, 0.21 వస్తే బెంబేలెత్తడం రెండూ తగవు.

గత కొన్నేళ్ళుగా న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల కణాల మధ్య నిష్పత్తిని కూడా పసికందులలో పరిశీలిస్తున్నారు. మామూలు రక్తపరీక్షలోనే ఇది దొరుకుతుంది, వేరే ఖర్చు లేదు. కాని పుట్టినప్పుడు న్యూట్రోఫిల్ కణాలు ఎక్కువగా ఉండి, మొదటి వారంలోనే లింఫోసైట్ కణాలు వాటిని మించిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలోనే ఈ నిష్పత్తి రోజురోజుకు మారుతూ ఉంటుంది గనుక, అందరూ ఒప్పుకున్న హద్దు ఇంకా ఏర్పడలేదు. మీ కాగితంలో ఈ అంకె ఉంటే దానంతట అది చూసి దిగులుపడకండి.

కల్చర్‌లో ఏమీ రాలేదంటే?

ఇప్పుడు మీ చుట్టాల మాటకు వద్దాము. కల్చర్ అన్నిటికన్న నమ్మదగిన పరీక్షే. అయితే దానికీ పరిమితి ఉంది. పసికందు నుంచి తీయగలిగే రక్తం ఒకటి రెండు మిల్లీలీటర్లే. ఆ కొద్ది రక్తంలో క్రిమి పడకపోవచ్చు. కాన్పుకు ముందు తల్లికి యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే క్రిమి సీసాలో పెరగకపోవచ్చు.

ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 2011 నుంచి 2014 వరకు పెద్ద పరిశీలన జరిగింది. ప్రత్యేక విభాగాలలో చేర్చిన 13,530 మంది పసికందులను గమనించారు. నూటికి 14 మందికి సెప్సిస్ ఉందని నిర్ణయించారు. కాని కల్చర్‌లో క్రిమి దొరికింది నూటికి ఆరుగురిలోనే. అంత పెద్ద ఆసుపత్రులలోనే సగం మందికి పైగా కల్చర్ రుజువు దొరకలేదు. కాబట్టి మీ మనవడి సంగతి వింతేమీ కాదు. పాలు మానేసిన బిడ్డ, 0.28 నిష్పత్తి, మందు పడిన తర్వాత కోలుకోవడం, ఇవన్నీ కలిపి చూసి మీ డాక్టరుగారు వారం రోజులు మందు కొనసాగించి ఉంటారు. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టవలసిన పని లేదు.

మీ చుట్టాల మాటలోనూ గ్రహించవలసిన నిజం ఒకటి ఉంది. అవసరం లేని యాంటీబయాటిక్ మంచిది కాదు. ఆ ఢిల్లీ పరిశీలనలోనే చాలా క్రిములు మామూలు మందులకు లొంగనివిగా తేలాయి. మందులను ఇష్టం వచ్చినట్టు వాడిన కొద్దీ క్రిములు రాటుదేలుతాయి. అందుచేత స్క్రీన్ రెండుసార్లు బాగుండి, కల్చర్‌లో ఏమీ రాక, బిడ్డ చక్కగా పాలు తాగుతుంటే డాక్టరు రెండు మూడు రోజులకే మందు ఆపేస్తారు. ఇంకో రెండు సూదులు వేయండి అని మనం బలవంతం చేయకూడదు. అలాగే డాక్టరు ఇంకా కొన్ని రోజులు కావాలన్నప్పుడు, బిడ్డ కళ్ళు తెరిచాడు గదా అని మధ్యలో ఇంటికి తెచ్చుకోకూడదు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ పాకితే మూడు వారాల మందు అవసరమవుతుంది.

చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు, అంత చిన్న ఒంటి నుంచి రక్తం తీస్తే బిడ్డ ఏమవుతాడని భయపడి పరీక్షకు అడ్డుపడతారు. మూడు కిలోల బిడ్డ ఒంటిలో దాదాపు పావు లీటరు రక్తం ఉంటుంది. పరీక్షలకు తీసేది ఒకటి రెండు మిల్లీలీటర్లు. అంత రక్తం పోతే బిడ్డకు హాని లేదు.

ల్యాబు లేని ఊళ్ళో ఏమి చేయాలి?

సూక్ష్మదర్శిని, ల్యాబు అందరికీ అందుబాటులో ఉండవు. ఉన్నా రాత్రివేళ తెరిచి ఉండకపోవచ్చు. అయితే బిడ్డను కనిపెట్టి చూసే కళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

మన తెలంగాణకు ప్రాణహిత, గోదావరి నదుల అవతల ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు దీనిని చేసి చూపించారు. 39 పల్లెలలో గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, పసికందుల లక్షణాలను బట్టే సెప్సిస్‌ను అనుమానించి మందు ఇప్పించారు. రక్తపరీక్ష లేదు. అంతకు ముందు ఆ పల్లెలలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 62 మంది నెలలోపే చనిపోతుండగా, మూడో ఏటికి అది 25కు తగ్గింది. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. మన ఊళ్ళలో ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూసే ఏర్పాటుకు ఇటువంటి అనుభవమే పునాది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ నిద్రపోతున్నాడని గుమ్మంలోనుంచే పంపివేయకండి.

ఏ గుర్తులు ఎక్కువ నమ్మదగినవో తెలుసుకోవడానికి భారతదేశంతో సహా ఆరు దేశాలలో రెండు నెలల లోపు పిల్లలను పరిశీలించి 2008లో ఏడు గుర్తులను తేల్చారు. ఇవి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి:

1. బిడ్డ పాలు తాగలేకపోవడం, లేదా అంతకు ముందు బాగా తాగినవాడు మానేయడం.
2. ఫిట్స్ రావడం.
3. తట్టి లేపితే తప్ప కదలకపోవడం.
4. నిమిషానికి 60 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీయడం. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి.
5. ఊపిరి తీసినప్పుడు డొక్కలు బాగా లోపలికి పోవడం.
6. ఒళ్ళు వేడెక్కడం. అంటే 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ గాని అంతకు పైన గాని ఉండటం.
7. ఒళ్ళు చల్లబడటం. అంటే 96 డిగ్రీల కంటె తగ్గడం.

థర్మామీటరు లేకపోతే అరచేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, అరికాళ్ళను తాకి చూడండి. పొట్ట వెచ్చగా ఉండి కాళ్ళు చల్లగా ఉంటే బిడ్డకు చలి తగులుతోందని అర్థం. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం.

వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారనివ్వకండి. 108కి ఫోను చేయండి. ప్రార్థన బండిలో కూర్చుని కూడా చేసుకోవచ్చు, బండిని మాత్రం ఆపవద్దు. దారిలో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని పైన దుప్పటి కప్పండి. తాగగలిగితే పాలు పట్టండి. ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బు చేసిన పసికందుకు పరీక్షలు, మందులు, రానుపోను బండి ఉచితంగా ఇవ్వాలని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం నిర్దేశించింది. జిల్లా ఆసుపత్రులలో పసికందుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. ఖర్చుకు భయపడి ఇంట్లో ఉండిపోకండి.

డాక్టరుకు చెప్పవలసినవి, అడగవలసినవి

ఉమ్మనీరు కాన్పుకు ఎన్ని గంటల ముందు పోయింది, దానికి దుర్వాసన ఉందా, తల్లికి జ్వరం వచ్చిందా, ఏ మందులు వాడారు, బిడ్డ పుట్టగానే ఏడ్చాడా, చివరిసారి పాలు ఎప్పుడు తాగాడు. ఈ ఆరు సంగతులు చెప్పగలిగితే ఆ నిష్పత్తికి సరైన అర్థం చెప్పడం డాక్టరుకు సులువవుతుంది. తల్లి కార్డు, కాన్పు కాగితాలు వెంట తీసుకువెళ్ళండి.

మీరు కూడా మర్యాదగా అడగవచ్చు. స్క్రీన్‌లో ఎన్ని తేడాగా ఉన్నాయి? మందు మొదలుపెట్టక ముందే కల్చర్‌కు రక్తం తీశారా? మళ్ళీ పరీక్ష ఎప్పుడు? మందు ఎన్ని రోజులు? చదువుకోలేదని జంకవలసిన పని లేదు. అడిగే హక్కు మీకు ఉంది.

అన్నిటికన్న మేలు జబ్బు రాకుండా చూసుకోవడం. బిడ్డను ఎత్తుకునే ప్రతివారూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తేనె, ఆముదం, ఉగ్గు ఏదీ నోట్లో వేయకూడదు. బొడ్డుకు నూనె, బూడిద, పసుపు పెట్టకుండా పొడిగా ఉంచాలి. బిడ్డను చూడవచ్చిన బంధువులు, సంఘస్థులు దూరం నుంచి చూసి దీవించి వెళ్తే తల్లి నొచ్చుకోనక్కరలేదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు పురిటింటికి అసలు రాకపోవడమే ప్రేమ.

పైన చెప్పిన ఏడు గుర్తులను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పురిటి మంచం ఎదురుగా గోడకు అంటించండి. చదవడం రాని అత్తగారికి, అమ్మమ్మకు ఒకసారి చదివి వినిపించండి. రాత్రి వేళ బిడ్డ పక్కన మేలుకుని ఉండేది వాళ్ళే గదా.